మెట్టెక్కే ముందు మూడు నెలలు

తిరుమల కొండ కింద, అలిపిరి పాదాల మండపం దగ్గర ఇంకా చీకటి విడవదు. అప్పటికే కొబ్బరికాయలు పగులుతుంటాయి. మొక్కుకున్న ఆడవాళ్ళు మెట్టు మెట్టుకూ వంగి పసుపు రాసి, కుంకుమ పెట్టి, లేచి, మళ్ళీ వంగుతుంటారు. పిల్లలు రెండేసి మెట్లు దూకుతూ ముందుకు పోతే, వెనకనుంచి తాత ఒకాయన "గోవిందా" అని కేకేసి ఆగి రొప్పుతుంటాడు. తొమ్మిది కిలోమీటర్ల దారి, 3,550 మెట్లు. తలయేరు గుండు దగ్గర రాతికి మోకాళ్ళు ఆనించి, నొప్పులు రానీయొద్దు స్వామీ అని దండం పెట్టుకుంటారు. గాలిగోపురం దాకా ఎక్కుడే ఎక్కుడు. ఆపైన దారి కాస్త చదునవుతుంది. జింకల పార్కు వస్తుంది, కబుర్లు మొదలవుతాయి, ఇక ఎక్కేసినట్టే అనిపిస్తుంది. అవ్వాచారి కోన దాటాక ఎదురవుతుంది మోకాళ్ళ పర్వతం.

ఏటా ఒకసారైనా ఈ దారిన ఎక్కుతాను. దాదాపు ప్రతిసారీ అక్కడ ఒక మనిషి కనిపిస్తాడు. ఊరు మారుతుంది, పేరు మారుతుంది, వాలకం మాత్రం అదే. నలభై అయిదు, యాభై ఏళ్ళ వయసు. మెట్టుమీద కూలబడి, చొక్కా గుండీలు విప్పుకుని, ముఖమంతా చెమటలు. భార్య కొంగుతో విసురుతుంటుంది. "గ్యాసు పట్టింది, కాసేపుంటే పోతాది" అంటాడు. బీపీ ఉందా అన్నా అని అడిగితే మూడు జవాబుల్లో ఏదో ఒకటి వస్తుంది. "ఎప్పుడూ చూపించుకోలే." లేదా, "మాత్ర ఉండాది, ఈపొద్దు ఉపాసం గదా, ఏసుకోలే." లేదా, "మాత్రలు బ్యాగులో ఉండాయి, బ్యాగు కింద లగేజీ కౌంటర్లో ఇచ్చేస్తిమి."

చాలామంది కాసేపు కూర్చుని లేచి వెళ్ళిపోతారు. కొందరికి స్ట్రెచర్ రావాల్సి వస్తుంది. నడకదారిలో గుండె జబ్బుతో కుప్పకూలుతున్న సంఘటనలు పెరగడంతో 2024 అక్టోబరులో తిరుమల తిరుపతి దేవస్థానం భక్తులకు ఒక సూచన విడుదల చేసింది. అరవై ఏళ్ళు పైబడినవాళ్ళు, షుగరు, అధిక రక్తపోటు, మూర్ఛ, కీళ్ళ జబ్బులున్నవాళ్ళు, గుండె జబ్బుల వాళ్ళు, స్థూలకాయులు కాలినడకన రావడం మంచిది కాదని చెప్పింది. రోజూ వాడే మందులు వెంట తెచ్చుకోమంది. అలిపిరి దారిలో 1,500వ మెట్టు దగ్గర, గాలిగోపురం దగ్గర, భాష్యకార్ల సన్నిధి దగ్గర వైద్యసాయం ఉంటుందని, కొండమీద అశ్విని ఆసుపత్రి ఇరవై నాలుగు గంటలూ తెరిచే ఉంటుందని గుర్తుచేసింది.

భాష్యకార్ల సన్నిధి ఉన్నది మోకాళ్ళ పర్వతం దగ్గరే. భగవద్రామానుజులు ఈ కొండను పాదంతో తొక్కకూడదని మోకాళ్ళమీద ఎక్కారని ఐతిహ్యం. ఇంట్లో చెప్పకుండా బయలుదేరిన చిన్నవాడు అన్నమయ్య ఆకలితో, అలసటతో సొమ్మసిల్లింది కూడా ఇక్కడేనంటారు. అలమేలుమంగమ్మ కలలో కనిపించి, కాలి చెప్పులు విడవమని చెప్పి, ప్రసాదం తినిపించి లేపిందని కథ. అక్కడ వైద్య శిబిరం చూసినప్పుడల్లా నాకు ఆ కథే గుర్తొస్తుంది. సొమ్మసిల్లిన బిడ్డను అమ్మ మందలించలేదు. ముందు అన్నం పెట్టింది, అవసరమైన మాట ఒక్కటే చెప్పింది.

మనం చేస్తున్న ఆరోగ్య ప్రచారంలో లేనిది సరిగ్గా ఆ పద్ధతే. కూలబడిన మనిషికి సూచన పత్రం ఆలస్యంగా అందింది. అతని రక్తనాళాల్లో జబ్బు తన పని పదేళ్ళ కిందటే మొదలుపెట్టింది. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి షుగరు ఉందని, మరో 13.6 కోట్ల మంది దాని వాకిట్లో నిలబడి ఉన్నారని లెక్కగట్టింది. పెద్దవాళ్ళలో వందకు 35 మందికి పైగా అధిక రక్తపోటు. రెండూ నొప్పి పుట్టించవు. నొప్పి లేనిదాన్ని జబ్బని ఒప్పుకోవడం మన పల్లెల్లో చాలా కష్టం.

సంగటి లేని కాగితం

మా నాన్నకు షుగరు ఉందని తెలిసింది కాలి వేలిమీద పుండు నెలన్నరైనా మానకపోతే. అప్పటికి ఆయనకు యాభై రెండేళ్ళు. చూపించిన ఆసుపత్రిలో పరీక్షలు బాగానే చేశారు. వచ్చేటప్పుడు ఒక కాగితం చేతిలో పెట్టారు, ఏం తినాలో అందులో ఉందన్నారు. ఇంగ్లీషులో ఉంది. ఓట్సు, బ్రౌన్ బ్రెడ్డు, యాపిలు, ఉడికించిన చికెను, గ్రీన్ టీ. నేను చదివి చెబుతుంటే మా అమ్మ పొయ్యి దగ్గర్నించే అడిగింది: "రే నాయనా, దీంట్లో సంగటి యాడా లేదే?" ఇంకో పక్క చూశాను. లేదు. పప్పు లేదు, ఊరిబిండి లేదు, పితికిపప్పు లేదు, మజ్జిగ లేదు. మా ఇంట్లో వండే వస్తువు ఒక్కటీ లేని కాగితం అది. నెలరోజులు ఫ్రిజ్జుమీద ఉండి, తర్వాత ఎటో పోయింది.

నాన్న తిండిని మార్చింది ఊళ్ళో ఆశా కార్యకర్త. ఆమె వచ్చి కూర్చుని కాగితం తీయలేదు. "పెద్దమ్మా, మధ్యాన్నానికి ఏం వండినావు?" అంది. గిన్నె మూత తీసి చూసింది. సంగటి ముద్ద ఎంత పెడతావని అడిగి, అమ్మ చేత్తో చేసి చూపిస్తే నవ్వింది. "సంగటి మానొద్దు పెద్దమ్మా. ఈ ముద్దను రెండు చెయ్యి. ఒకటి నాయనకు, ఇంకోటి నీకు. ఆకుకూర పప్పు మాత్రం ఇప్పుడేసేదానికి రెండింతలు ఎయ్యి." అంతే. వారం తర్వాత మళ్ళీ వచ్చింది. మళ్ళీ గిన్నె మూత తీసింది.

ఇక్కడ సంగటి గురించి ఒక మాట చెప్పాలి. ఈమధ్య చిరుధాన్యాలకు గొప్ప పేరొచ్చింది, సంతోషమే. అయితే రాగి తింటే షుగరు రాదని, ఎంతైనా తినొచ్చని ఊరూరా నమ్మకం పాకింది. అది నిజం కాదు. రాగిలోనూ బియ్యంలోనూ మూడింట రెండు పాళ్ళకు పైగా పిండిపదార్థమే. రాగిలో కాల్షియం, పీచు ఎక్కువ. కానీ మెత్తగా విసిరిన పిండిని ఉడికించి, నూకలు కలిపి, రెండు పెద్ద ముద్దలు మింగితే రక్తంలోకి చేరేది చక్కెరే. మా తాత రెండు ముద్దలు తిన్నాడు, నిజమే. తిని సాయంత్రం దాకా మడక దున్నాడు. అదే ముద్ద తిని రోజంతా ఆటోలో కూర్చున్నవాడికి లెక్క వేరు. చిరుధాన్యాల మీద మమకారంతో ఈ మాట దాచిపెట్టడం జనానికి మేలు చేయదు.

ఉప్పు సంగతి కూడా ఆ ఆశా కార్యకర్త అలాగే తేల్చింది. రోజుకు మనిషికి 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. గ్రాముల్లో చెబితే మా అమ్మకు ఏం అర్థమవుతుంది? ఆశా కార్యకర్త అడిగింది: "ఉప్పు పాకెట్టు మీకు ఎన్నాళ్ళొస్తాది?" నలుగురున్న ఇల్లు. "నెల గూడా రాదు" అంది అమ్మ. నలుగురికి రోజుకు 20 గ్రాముల చొప్పున కిలో పాకెట్టు 50 రోజులు రావాలి. ఆరోజునుంచి మా అమ్మ పాకెట్టు విప్పిన తారీకు క్యాలెండరుమీద రాయడం మొదలుపెట్టింది. నెల రానిది, కొన్నాళ్ళకు నలభై రోజులకు పెరిగింది. ఊరగాయల్లో, అప్పడాల్లో, బయట తినే చిరుతిళ్ళలో ఉప్పు దీనికి అదనమని కూడా ఆమే చెప్పింది.

గోదావరి ఊళ్ళు చెప్పిన సంగతి

ఇది ఒక్క మా ఇంటి అనుభవమే అయితే ఇంత పొడుగు రాయనక్కర్లేదు. గోదావరి జిల్లాల్లో 45 ఊళ్ళలో 2003-04లో ఎవరెందుకు చనిపోతున్నారో ఇంటింటికీ వెళ్ళి అడిగారు. జ్వరాలు, విరేచనాలు ముందుంటాయని అనుకునే రోజులవి. తీరా చూస్తే మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవల్లే. గుండెపోటు పట్నం జబ్బన్న భ్రమ ఆ లెక్కతో పోయింది.

దాని కొనసాగింపు ఇంకా ముఖ్యం. అదే ప్రాంతంలో 44 ఊళ్ళను పోల్చి చూశారు. కొన్ని ఊళ్ళలో పోస్టర్లు, వీధి నాటకాలు, ర్యాలీలు, సమావేశాలు పెట్టారు. కొన్ని ఊళ్ళలో డాక్టరు కాని ఆరోగ్య కార్యకర్తలకు, ఎవరికి ప్రమాదం ఎక్కువుందో మెట్టుమెట్టుగా తేల్చే పద్ధతి నేర్పారు. ఫలితాలు 2012లో ప్రచురించారు. ప్రచారం చేసిన ఊళ్ళలో జనానికి తెలిసిన విషయాల్లో చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనిపించలేదు. కార్యకర్తలకు నేర్పిన ఊళ్ళలో మాత్రం ప్రమాదంలో ఉన్నవాళ్ళను ఎక్కువమందిని గుర్తించగలిగారు.

ఆరోగ్య విద్య పేరుతో మనం ఖర్చుపెట్టే డబ్బులో పెద్దభాగం ఎక్కడికి పోతోందో తెలిసినవాళ్ళు ఈ ఫలితం దగ్గర ఆగి ఆలోచించాలి. గోడమీది బొమ్మ ఒక్కసారి మాట్లాడుతుంది. మనిషి మళ్ళీ వస్తాడు, "ఏమైంది?" అని అడుగుతాడు. షుగరు, బీపీ, గుండె, మూత్రపిండాలు, ఏది తీసుకున్నా జీవితాంతం ఉండే జబ్బులే. వాటికి జీవితాంతం అడిగే మనిషి కావాలి.

మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలోనూ అలాంటి ప్రయత్నాలున్నాయి. తవణంపల్లె మండలం అరగొండ, అపోలో ఆసుపత్రులు స్థాపించిన ప్రతాప్ సి. రెడ్డి పుట్టిన ఊరు. 2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ హైదరాబాదు నుంచి ఆ ఊరి టెలిమెడిసిన్ కేంద్రాన్ని ప్రారంభించడం అప్పట్లో పెద్ద వార్త. నాకు దానికంటే 2013లో ఆ మండలంలో మొదలైన టోటల్ హెల్త్ కార్యక్రమం ముఖ్యంగా తోస్తుంది. జబ్బు ముదిరాక ఆసుపత్రికి రమ్మనడం మాని, ఊళ్ళలోకి వెళ్ళి బీపీ, షుగరు చూడడం దాని పని. ఆంజనేయుడు సంజీవని కొండ తీసుకుపోతుంటే ఒక ముక్క ఇక్కడ పడిందని, అదే అర్ధగిరి అని, అక్కడి కోనేటి నీళ్ళు జబ్బులు మాన్పుతాయని ఈ ప్రాంతంలో నమ్మకం. తీర్థానికి వచ్చే జనం చేతికి అక్కడే బీపీ పట్టీ చుట్టగలిగితే ఆ నమ్మకానికి అదీ ఒక సేవే అవుతుంది. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి వాళ్ళ పింక్ బస్సు క్యాన్సర్ పరీక్షల కోసం ఊళ్ళకు తిరుగుతోంది. ప్రభుత్వం తరఫున ముప్పై దాటినవాళ్ళ ఇళ్ళకు ఆశా కార్యకర్తలు ప్రశ్నల పత్రంతో వస్తారు, ఏఎన్ఎంలు బీపీ చూస్తారు, 104 బండి వస్తుంది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పథకాల పేర్లు మారాయి. వచ్చే మనిషి మాత్రం మారకుండా ఉంటే చాలు.

ఆరోగ్యవరం నాటి చదువు

మనిషి పక్కన ఉండి ఆరోగ్యం నేర్పడం ఈ నేలకు కొత్త విద్య కాదు. మదనపల్లె పక్కన 1915లో తెరిచిన క్షయ శానటోరియం వల్ల తర్వాత ఆ చోటి పేరే ఆరోగ్యవరం అయింది. తొలి సూపరింటెండెంటు డెన్మార్కు నుంచి వచ్చిన ఫ్రిమొట్ మోలర్. అప్పటికి క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ రావడానికి ఇంకా ముప్పై ఏళ్ళు పట్టింది. అన్నాళ్ళూ అక్కడ ఉన్నవి గాలి, విశ్రాంతి, తిండి, చదువు. కిటికీ ఎందుకు తెరిచి ఉంచాలి, కఫం ఎక్కడ ఉమ్మాలి, ఇంటికెళ్ళాక ఎలా బతకాలి. నెలల తరబడి ఉండి రోగులు నేర్చుకున్నది ఇదే. మందు లేని రోజుల్లో చదువే మందయింది. 1948లో మన దేశంలో బీసీజీ టీకాలు మొదలైంది కూడా మదనపల్లెలోనే.

అప్పటి క్షయకూ ఇప్పటి షుగరుకూ నాకొక తేడా కనిపిస్తుంది. క్షయ అంటే జనం వణికిపోయేవాళ్ళు, దాచుకునేవాళ్ళు. ఆ భయాన్ని, సిగ్గును పోగొట్టడమే సగం వైద్యం. షుగరు విషయంలో భయమూ లేదు, సిగ్గూ లేదు. "అందరికీ ఉండేదే గదబ్బా" అంటారు. పెళ్ళిళ్ళలో పంక్తిలో కూర్చుని "నాకు రెండొందల ఎనభై, నీకెంత?" అని పలకరించుకుంటారు. ఆ నిశ్చింతే ప్రమాదం. కళ్ళు మసకబారి, అరికాళ్ళు తిమ్మిరెక్కి, చివరకు వారానికి మూడుసార్లు డయాలసిస్ మంచమెక్కేదాకా అది వదలదు. డయాలసిస్ విభాగం వరండాలో ఒక్క ఉదయం కూర్చుంటే, "అందరికీ ఉండేదే" అన్న మాట మళ్ళీ నోటికి రాదు.

మంగలి కుర్చీలో బీపీ

లాస్ ఏంజిలిస్‌లో జరిగిన ఒక ప్రయోగం ఉంది, దాని ఫలితాలు 2018లో వెలువడ్డాయి. అక్కడి నల్లజాతి మగవాళ్ళలో చాలామంది డాక్టరు దగ్గరకు పోరు, కానీ క్షవరానికి తప్పకుండా వస్తారు. 52 క్షౌరశాలలు, బీపీ అదుపులో లేని 319 మంది. సుమారు సగం దుకాణాల్లో క్షురకుడు ప్రోత్సహించి, అక్కడికే వచ్చిన ఫార్మసిస్టుతో మందు ఇప్పించాడు. మిగతావాటిలో క్షురకుడు మంచి మాటలు చెప్పి డాక్టరు దగ్గరకు వెళ్ళమన్నాడు. ఆరు నెలలకు మొదటివాళ్ళ పైబీపీ సగటున 27 పాయింట్లు తగ్గింది. రెండోవాళ్ళది 9 పాయింట్లు.

ఇది చదివినప్పుడు నాకు తిరుమల కల్యాణకట్టే మెదిలింది. వందలమంది క్షురకులు, రోజూ వేల తలలు. కానీ నిజాయితీగా ఆలోచిస్తే అక్కడ అది కుదరదు. తలనీలాలిచ్చినవాడు మళ్ళీ ఏడాదికో రెండేళ్ళకో వస్తాడు. లాస్ ఏంజిలిస్‌లో పనిచేసింది కత్తెర కాదు, రెండు వారాలకోసారి అదే కుర్చీలో అదే మనిషి కనబడడం, మందు కూడా అక్కడికే రావడం. అలాంటి కుర్చీ మన చంద్రగిరిలో ఉంది, పుత్తూరులో ఉంది, పలమనేరులో ఉంది. ఊరి సెలూనులో బీపీ మిషనొకటి పెట్టి, చూడడం నేర్పి, ఎక్కువొచ్చినవాళ్ళ పేర్లు ఏఎన్ఎంకు అందేలా చేయడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

మరి తిరుమలలో ఏం కుదురుతుంది? రోజుకు 60, 70 వేలమంది వచ్చే చోటు. మద్యం, మాంసం, పొగాకు లేని కొండ. అలిపిరి తనిఖీలో బీడీకట్ట, గుట్కా పొట్లం తీసేస్తే ఎవరూ గొడవపడరు. ఇంట్లో గంటకొకటి కాల్చే మనిషి కొండమీద రెండు రోజులు నోట్లో పెట్టకుండా ఉంటాడు. ఉండగలడని అక్కడ రుజువవుతోంది. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళు 41 రోజులు ఉంటున్నారు. మాలలో ఉన్నది నిష్ఠ ఒక్కటే కాదు, రోజూ కనిపించి అడిగే గురుస్వామి కూడా.

తిరుమల చేతిలో అంతకంటే ఎక్కువ గడువుంది. మూడు వందల రూపాయల దర్శనం టికెట్లు దాదాపు మూడు నెలల ముందు విడుదలవుతాయి. డాక్టర్లు షుగరు అదుపును చూసే హెచ్‌బీఏ1సీ పరీక్ష చెప్పేది కూడా గడిచిన మూడు నెలల సంగతే. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది, అన్నాళ్ళూ తనకు అంటుకున్న చక్కెర లెక్కను మోస్తూ తిరుగుతుంది. అంటే టికెట్టు తీసుకున్న రోజు ఆ పరీక్ష చేయించుకుని, రోజూ అరగంట నడిచి, ముద్ద తగ్గించి, మాత్ర తప్పకుండా వేసుకుంటే, దర్శనం రోజుకు ఒంట్లో రక్తం చాలావరకు కొత్తది. ఇంతకంటే చక్కని దీక్షాకాలం ఎవరు పెట్టగలరు?

టికెట్టుమీద పంచె, చీర కట్టుకుని రావాలని రాసి ఉంటుంది. ఇంకొక్క వాక్యం చేర్చమని దేవస్థానాన్ని కోరుతున్నాను: "ఈ వారంలోనే బీపీ, షుగరు చూపించుకోండి." టికెట్టు తీసుకున్న ప్రతివాళ్ళ ఫోను నంబరూ దేవస్థానం దగ్గర ఉంది. మూడు నెలలూ వారానికి రెండు తెలుగు సందేశాలు పంపొచ్చు. ఇది ఊహకాదు. షుగరు వాకిట్లో ఉన్న 537 మంది ఉద్యోగస్థులైన మగవాళ్ళలో సుమారు సగంమందికి రెండేళ్ళు ఫోనులో సందేశాలు పంపితే, మిగతావాళ్ళతో పోలిస్తే వాళ్ళలో షుగరు రావడం 36 శాతం తగ్గిందని 2013లో చెన్నై డాక్టర్ల బృందం చూపించింది. ఫోను కూడా విసుక్కోకుండా మళ్ళీ అడిగే మనిషిలాంటిదే. దర్శనం కోసం వైకుంఠం కంపార్టుమెంటులో గంటలు గంటలు కూర్చునేవాళ్ళకు పాలు, అన్నప్రసాదం అందిస్తున్న సేవకుల వెంట బీపీ పట్టీ కూడా రావాలి. అంకె రాసిన చీటీ భక్తుడి చేతికి, నకలు అతని ఊరి ఆరోగ్య కేంద్రానికి. కొండమీద కొలత, ఊళ్ళో పలకరింపు.

అదంతా జరిగేదాకా ఆగాల్సిన పని మనకు లేదు. మీ ఇంట్లో ఎవరైనా కొండకు మొక్కుకుని ఉంటే, బయలుదేరే వారం ముందు కాకుండా ఇప్పుడే వాళ్ళను పరీక్షకు తీసుకెళ్ళండి. ఛాతీ బరువు, ఎడమ చేయి లాగడం, దవడ నొప్పి, కారణం లేని చెమట, వీటిలో ఏది వచ్చినా గ్యాసని సోడా తాగి ఎక్కొద్దు. షుగరు ఉన్నవాళ్ళకు ఛాతీలో నొప్పి రాకుండానే గుండెపోటు రావచ్చు. షుగరు మాత్ర వేసుకుని ఏమీ తినకుండా మెట్లెక్కితే కళ్ళు తిరిగి పడిపోవచ్చు; ఉపవాసముంటే మాత్ర సంగతి ముందే డాక్టరును అడగండి. అరికాళ్ళు తిమ్మిరిగా ఉన్నవాళ్ళు బస్సులో వెళ్ళండి, స్వామి ఏమీ అనుకోడు. నడిచి తీరాలంటే పైకి చేరాక పాదాలు తిప్పి చూసుకోండి, బొబ్బ లేచినా మీకు తెలియదు. అలిపిరిలో సామాను ఉచితంగా కొండమీదికి చేరుస్తారు, బరువు వదిలేసి హాయిగా ఎక్కండి. మాత్రల డబ్బీ మాత్రం ఆ బ్యాగులో పెట్టొద్దు, మీ జేబులోనే ఉంచుకోండి.